ఖాళీ అనుకున్న చోటు

నాంచారమ్మ చేతులు మొదటిసారి మగ్గం మీద ఆడిన రోజున చంద్రవ్వ ఏడ్చింది.

చంద్రవ్వకు అరవై దాటాయి. నాగులపేటలో ఇంకా గుంట మగ్గం మీద చీర నేసే నలుగురైదుగురిలో ఆమె ఒకతె. చిన్నతనంలో మగ్గం పలక కింద పడి నలిగిన కుడిచేతి చిటికెన వేలు ఆమెకు వంగదు. పోగుల మధ్య అడ్డనూలు తీసుకుపోయే నాడె విసిరిన ప్రతిసారీ ఆ వేలు పక్కకు నిక్కి నిలబడుతుంది. ఇప్పుడు ఎదుటి మగ్గంలో కూర్చున్న నాంచారమ్మ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. పదిహేను రోజుల కిందటి దాకా మగ్గం ముఖం చూసి ఎరగదు. ఆమె నాడె విసిరింది. ఏ దెబ్బా తగలని ఆమె చిటికెన వేలు అచ్చం అలాగే పక్కకు నిక్కింది.

"నా చెయ్యే గదనే అది!" అంది చంద్రవ్వ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "మా అమ్మ నాకు నేర్పనీకి నాలుగేండ్లు పట్టింది. గీమెకు పన్నెండు దినాలల్ల ఎట్లొచ్చె బిడ్డా?"

తెర పక్కన నిలబడి డాక్టర్ హైమవతి ఆ వేలునే చూస్తోంది. ఆమెకూ కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్లు ప్రయోగశాలలో గడిపిన మనిషికి, తను తయారు చేసిన యంత్రం ఒక ఆడమనిషికి అన్నం పెట్టబోతోందని కళ్లారా చూడటం అదే మొదలు.

ఆ యంత్రానికి వాళ్లు హస్తవాసి అని పేరు పెట్టుకున్నారు. చూడటానికి ఏముంది, రెండు జతల పల్చటి చేతితొడుగులు, నుదుటికి కట్టే ఒక పట్టీ, బల్ల మీద ఒక తెర. పని తెలిసిన మనిషి ఒక జత తొడుగులు వేసుకుని నెల రోజులు నేస్తే, ఏ వేలు ఎప్పుడు కదిలిందో, ఎంత బిగిసిందో అంతా నమోదవుతుంది. పని తెలియని మనిషి రెండో జత వేసుకుని, పట్టీ కట్టుకుని కూర్చుంటే తొడుగులు ఆమె చేతుల్ని అలాగే కదిలిస్తాయి. అదే సమయంలో పట్టీ ఆమె మెదడులో ఆ కదలికకు తోవ వేస్తుంది. ఏళ్ల తరబడి తిరిగితే పడే కాలిబాట పన్నెండు పూటల్లో పడిపోతుంది.

సముద్రం కృష్ణానది మొగలోని లంకల్ని ఒక్కొక్కటే తనలో కలుపుకుని మూడేళ్లవుతోంది. అక్కడి జనాన్ని ప్రభుత్వం మెరక జిల్లాలకు తరలించింది. నాగులపేట పక్కన నాలుగు వందల రేకుల ఇళ్లు లేచాయి. మొదట్లో ఊరివాళ్లు బియ్యం ఇచ్చారు, చీరలిచ్చారు. ఎండాకాలం వచ్చేసరికి బోరు దగ్గర బిందెలు గిరాటేసుకోవడం మొదలైంది. శిబిరం ఆడవాళ్లు తక్కువ కూలికి పత్తి ఏరడానికి పోతున్నారని ఊరి ఆడవాళ్లు దారికి అడ్డం కూర్చున్నారు. వచ్చినవాళ్లకు బతుకుతెరువు చూపాలి, ఉన్నవాళ్ల నోటి దగ్గర కూడు లాగకూడదు. ఈ చిక్కుముడి విప్పమని హైమవతిని పంపారు.

ఆమె ఊరంతా తిరిగింది. పిల్లలు నేత వదిలేసి పోవడంతో రెండు వందల మగ్గాలు బూజు పట్టి ఉన్నాయి. నేర్పగలిగిన ముసలివాళ్లున్నారు, నేర్చుకునేవాళ్లు లేరు. శిబిరంలో చేతులున్నాయి, పని లేదు. ఊరివాళ్ల పనితనాన్ని శిబిరం చేతుల్లోకి ఎక్కిద్దామని, నేసిన ప్రతి చీర కూలిలో పనితనం ఇచ్చిన మనిషికి కూడా వాటా ఉండాలని ఆమె పట్టుబట్టి రాయించింది. చంద్రవ్వ ముందుకు వచ్చింది. బోరు దగ్గర కొట్లాటలు తగ్గాయి.

శిబిరంలో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నది కూడా హైమవతే. నాంచారమ్మ ఇంటికి వెళ్లిన పూట ఆమెకు బాగా గుర్తు. నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. ఏడేళ్ల పిల్ల ఒకతి పరుగున వచ్చి తల్లి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. వేళ్లు గడ్డానికి ఆనించి, గుండెకు తాకించి, గాలిలో చేపలా ఈదించింది. నాంచారమ్మ చేట పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తింది. ఆ చేతులు మాట్లాడాయి. వడివడిగా, ఎడమచేయి ఒక మాట, కుడిచేయి ఒక మాట, మధ్యలో చిన్న ఎత్తిపొడుపు కూడా ఉందేమో, పిల్ల చప్పుడు లేకుండా పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఈ సైగలు ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది హైమవతి.

"ఎక్కడా లేదమ్మగారూ, మేమే కల్పించుకున్నాం. దీనికి రెండో ఏట జొరమొచ్చి చెవులు పోయినయ్యి. వాళ్ల నాన్న చేపల వేటకి పోతే పొద్దస్తమానం లంకలో మేమిద్దరమే. అట్టా అట్టా వచ్చేసింది. మా అలివేలుకి నోరంటే నా చేతులే."

హైమవతి నవ్వి కాగితం వైపు చూసింది. అందులో నలభై ప్రశ్నలున్నాయి. 'తెలిసిన చేతిపనులు' అన్నచోట వల అల్లిక, చేపలు ఎండబెట్టడం అని రాసింది. 'ఆధారపడినవారు' అన్నచోట కుమార్తె ఒకరు, వినికిడి లేదు అని రాసింది. పక్కింటికి వెళ్లిపోయింది.

పట్టీ కట్టే ముందు ప్రతి మనిషినీ పరీక్ష చేస్తారు. నాంచారమ్మకు సూది ఇచ్చారు, కత్తి ఇచ్చారు, వలతాడు ఇచ్చారు, పిండి పిసకమన్నారు, చీపురు పట్టమన్నారు. ఒక్కో పని చేస్తుంటే తెర మీద ఒక్కోచోట వెలుగు వచ్చింది. వెలిగిన చోట్లను తాకకూడదు. వెలగని చోట కొత్త తోవ వేయాలి. యంత్రం చూసుకునే ఇంజనీరు అన్వర్ తెర మధ్యలో ఉన్న పెద్ద చీకటి మడుగు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ మస్తు ఖాళీ ఉంది మేడం. ఈమెకు జల్దీ వస్తది."

"అయితే అక్కడే వేద్దాం" అంది హైమవతి.

వెనకటికి ప్రయోగశాలలో అన్వర్ తన మీదే ఈ యంత్రం పెట్టుకుని చూసుకున్నాడు. కుట్టుపని వచ్చింది గానీ, రెండు రోజులు బూట్ల తాడు కట్టుకోవడం మరిచిపోయాడు. అందరూ పగలబడి నవ్వారు. నివేదికలో ఒక వాక్యం రాశారు, స్వల్ప లోపం, సరిదిద్దుకోదగినది అని.

నెల తిరిగేసరికి నాంచారమ్మ అంచు చీర నేసింది. పత్రికల వాళ్లు వచ్చి చంద్రవ్వను, ఆమెను పక్కపక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. పునరావాస కమిషనర్ ఫోన్ చేసి, వచ్చే నెలలో నూట అరవై మందికి ఒకేసారి మొదలుపెడదామన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మగ్గాల షెడ్డులో కేక వినబడింది. హైమవతి పరుగున వెళ్లేసరికి అలివేలు తల్లి కుడిచేతిని పళ్లతో కరిచి పట్టుకుని ఉంది. చంద్రవ్వ పిల్లను విడిపించడానికి పెనుగులాడుతోంది. నాంచారమ్మ చేయి లాక్కోవడం లేదు. నెత్తురు కారుతున్నా అలాగే చూస్తోంది.

పిల్లను చంద్రవ్వ బయటికి తీసుకెళ్లాక నాంచారమ్మ చెప్పింది.

"కోపమొచ్చిందమ్మగారూ దానికి. పది రోజుల్నించీ నేను మాట్టాడట్లేదని."

"ఎందుకు మాట్లాడటం లేదు?"

"నా చేతులు పలకట్లేదమ్మా." ఆమె రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. "అది చెప్పేది అర్థమవుద్ది. అన్నం అడుగుద్ది, తెలుసుద్ది. కతడుగుద్ది, తెలుసుద్ది. జవాబు చెబుదామని చేతులెత్తితే నాడె విసరటానికి పోతన్నాయి. పోగు అతకటానికి పోతన్నాయి. ముందు అలుపనుకున్నా. ఓ పూట పడుకుంటే అదే వచ్చుద్దనుకున్నా."

"ఏం కథ?"

"వాళ్ల నాన్న కత. లంక మునిగినప్పుడు ఆయన పడవేసుకుని జనాన్ని దాటించాడు. మూడుసార్లు వచ్చాడు, నాలుగోసారి రాలా. పడుకునేముందు రోజూ అది చెప్పాలి. చేతుల్తోనే చెప్పేదాన్ని. ఇప్పుడా కత మీకు చెప్పమంటే చెప్తానమ్మగారూ, ఊరందరికీ చెప్తా. నా కూతురికి చెప్పలేకపోతన్నా."

హైమవతి ఆ సాయంత్రమే నాంచారమ్మకు పట్టీ కట్టింది. ఈసారి సూదీ కత్తీ ఇవ్వలేదు. అలివేలును తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. పిల్ల చాలాసేపు బిగుసుకుని కూర్చుని, చివరికి గడ్డానికి వేళ్లు ఆనించింది. నాంచారమ్మ చేతులు లేచాయి, తడబడ్డాయి, గాలిలో లేని పోగును పట్టుకున్నాయి. తెర మధ్యలో ఆ మడుగు భగ్గున వెలిగింది. నెలకిందట చీకటిగా ఉన్న చోటే. నేతకు తోవ వేసింది కూడా అక్కడే.

అన్వర్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ఖాళీ లేదు మేడం అక్కడ. పిల్లను ముంగట కూసోబెట్టలే మనం. అంతే."

హైమవతి తెర ఆర్పేసింది. ఆ రోజు గుమ్మంలో తను నిలబడి చూసిన చేతులు ఆమె కళ్ల ముందు ఆడాయి. చూసింది, నవ్వింది, రాయడానికి గడి లేదని రాయలేదు.

వేసిన తోవను తుడిచే విద్య వాళ్ల దగ్గర లేదు. అన్వర్ అలివేలుకు చిన్న తొడుగులు కుట్టి, ఆమె సైగలన్నీ వారం రోజులు నమోదు చేశాడు. నాలుగు వందల పైచిలుకు మాటలు తేలాయి. వాటిని తల్లిలోకి ఎక్కిద్దామా అని హైమవతి ఆశపడింది. తీరా చూస్తే అవన్నీ పిల్ల అడిగే మాటలు. తల్లి చెప్పే మాటలు, ఆమె బుజ్జగింపు, ఆమె వెక్కిరింపు, పడవ మూడుసార్లు వచ్చిన కథ అందులో ఎక్కడా లేవు. అవి లోకంలో ఒకే ఒక్క జత చేతుల్లో ఉండేవి.

"ఆ పట్టీ మళ్లీ నాకు కట్టొద్దమ్మగారూ" అంది నాంచారమ్మ. "ఈసారి ఏం పోద్దో మీక్కూడా తెలవదు గదా."

తెలియదు. హైమవతి ఆ మాట ఒప్పుకుంది. తనకు తెలిసింది కూడా దాచలేదు. పిల్లతో కూర్చుని మళ్లీ మొదటినుంచీ నేర్చుకుంటే కొన్ని సైగలు రావచ్చు. కానీ చోటు ఒక్కటే కాబట్టి సైగ నిలబడ్డకొద్దీ నేత చెదురుతుంది. మగ్గం మీద రోజూ కూర్చుంటే సైగలు ఎప్పటికీ రావు.

నాంచారమ్మ అలివేలు తొడుగుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మడిచింది.

"మగ్గం ఎక్కితే కూడు, దిగితే కూతురు. ఇదేగా మీరు చెప్పేది?"

హైమవతి తల ఊపింది. ఆమెను తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. నాంచారమ్మ తిట్టలేదు. లేచి, నేస్తున్న చీరలో తెగిన పోగు ఒకటి కనబడితే అతికి, దీపం ఆర్పి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు మగ్గం ఎక్కలేదు.

యంత్రం ఆపమని హైమవతి కమిషనర్‌కు రాసింది. ఆ కబురు శిబిరానికి పొక్కింది. ముప్పై మంది ఆడవాళ్లు షెడ్డు ముందుకు వచ్చారు. అందరికంటే ముందు సామ్రాజ్యం ఉంది. ఆమెది నాంచారమ్మ లంకే. పేరు రాయించుకుని రెండు నెలలుగా తన వంతు కోసం ఎదురు చూస్తోంది.

"ఒకామె బిడ్డ కోసం మా అందరి పొట్టా కొడతారా అమ్మగారూ?"

"అది కాదు సామ్రాజ్యం. నీకూ ఏదో ఒకటి పోతుంది. ఏది పోతుందో నేను చెప్పలేను."

"పోనీయండి! మా దగ్గర దాచుకోటానికి ఏం మిగిలిందని?" సామ్రాజ్యం అరచేతులు తెరిచి హైమవతి ముఖం ముందు పెట్టింది. "ఆ రోజు తాడు ముడి విప్పలేకపోయినయ్యి ఈ చేతులు. నా పిల్లోడు పడవలోనే ఉన్నాడు, పడవ గుంజకి కట్టేసుంది, నీళ్లొచ్చేసినయ్యి. ఇప్పటికీ కునుకుపడితే చాలు, ఇయ్యి ఆ ముడే విప్పుతా ఉంటాయి. ఆ ముడి తీసెయ్యండమ్మా. దాని చోట్లో మగ్గం పెట్టండి. మీ కాళ్లు పట్టుకుంటా."

హైమవతి ఆ చేతుల్ని పట్టుకుంది. ఏరి తీయడం యంత్రానికి చేతకాదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

వారం రోజులు కూర్చుని ఆమె పథకాన్ని మళ్లీ రాసింది. యంత్రం లేకుండా, చంద్రవ్వలాంటి వాళ్ల పక్కన కూర్చుని మామూలుగా నేర్చుకునే పద్ధతి. నేర్చుకున్నంత కాలం భత్యం. మొదటి పేజీలో అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న రాసింది: ఈ మనిషి చేతులు ఇప్పుడు ఎవరి కోసం ఏం చేస్తున్నాయి?

కమిషనర్ పూర్తిగా చదివాడు. చెడ్డవాడు కాదు. "నాలుగేళ్లు వీళ్లని ఎవరు సాకుతారు డాక్టర్? నాకిచ్చింది ఆర్నెల్లు. తెలిసిన పని ఏదైనా పోవచ్చని అంగీకార పత్రంలో ఒక షరతు చేరుద్దాం. తెలిసి సంతకం పెడితే మన మీద తప్పుండదు."

షరతు చేరింది. మొదటి సంతకం సామ్రాజ్యం పెట్టింది. హైమవతి తన రాజీనామా ఇచ్చింది. యంత్రం ఆమె సొంతం కాదు, తొడుగులూ తెరా షెడ్డులోనే ఉండిపోయాయి. ఆ ఆడవాళ్లను వదిలిపెట్టకుండా ఎవరో ఒకరు ఉండాలి కదా అని అన్వర్ ఉద్యోగంలో ఉండిపోయాడు.

ఈ సంగతంతా చంద్రవ్వకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆమె వాకిట్లో కూర్చుని మొత్తం విన్నది.

"అయితే నా చేతులు పొయ్యి ఆ పిల్ల నోరు మూసినయన్నట్టు."

"నీ తప్పేం లేదు చంద్రవ్వా."

"తప్పు గురించి కాదు బిడ్డా నేననేది." ఆమె తన వంగని వేలును చాలాసేపు చూసుకుంది. తర్వాత చెప్పులేసుకుని శిబిరానికి నడిచింది. నాంచారమ్మ ఇంటి ముందు నిలబడి కేకేసింది. "నాంచారీ! మా ఇంట్ల రాట్నం ఉత్తగనే పడున్నది. నాడెలకు నూలు కండెలు చుట్టు. నేత గురించి ఎప్పటికప్పుడు చూద్దాం. నాలుగేండ్లు పడితే పట్టనీ, ఏం మునిగిపోతది?"

అని నాలుక కరుచుకుంది. నాంచారమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

హైమవతి పట్నంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకునే పనిలో చేరింది. మళ్లీ నాగులపేట వెళ్లడానికి ధైర్యం చిక్కేసరికి ఎనిమిది నెలలు పట్టింది. బస్సు దిగి ముందు షెడ్డుకు వెళ్లింది. నూట అరవై మగ్గాలు ఆడుతున్నాయి. సామ్రాజ్యం మంచి చీర నేస్తోంది, మనిషి కాస్త ఒళ్లు చేసింది. ఏమైనా పోయిందా అని హైమవతి అడిగితే, "ఏమోనమ్మా, ఇంకా తెలవలా" అంది. నాడె ఆపి, కాసేపటికి, "ఆ ముడి మాత్రం పోలా" అని మళ్లీ నాడె విసిరింది.

చంద్రవ్వ వాకిట్లో ఎండ పడుతోంది. నాంచారమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కండె మార్చడానికి ఆగినప్పుడల్లా ఒక చేయి ఒళ్లో ఊరికే కదులుతోంది, చదువుకునే పిల్ల ఎక్కం వల్లెవేసుకున్నట్టు. పక్కన అలివేలు మెట్టు మీద కూర్చుని ఉంది. పొడుగైంది. మునుపటిలా తల్లి గడ్డం పట్టుకుని లాగడం లేదు.

"ఎలా ఉన్నావు నాంచారమ్మా?"

"ఉన్నామమ్మగారూ. ముప్పయ్యో నలభయ్యో వచ్చినయ్యి. అన్నం, నీళ్లు, రా, పడుకో, వాన. అదే నేర్పుద్ది నాకు. తప్పు చేస్తే చేతి మీద కొడుద్ది."

"కథ?"

నాంచారమ్మ రాట్నం ఆపకుండా తల అడ్డంగా ఊపింది. "అడగటం మానేసిందమ్మా. అడిగితే రాని పద్యం అప్పజెప్పమన్నట్టుంటదని కావాల, నా ముఖం చూసి అదే మానేసింది."

అలివేలు మెట్టు దిగి వచ్చింది. హైమవతి ముఖంలోకి తేరిపార చూసింది. నుదుటి మీద అడ్డంగా వేలితో గీసి, ఆ వేలు హైమవతి వైపు చూపి, తల్లి రెండు చేతుల్నీ ఒకదాని తర్వాత ఒకటి తాకి, ఎక్కడికో తీసుకుపోతున్నట్టు పిడికిలి మూసి వెనక్కి లాక్కుంది. తల్లి వైపు తిరిగి నిలబడింది.

నాంచారమ్మ రాట్నం ఆపింది. పిడికిలి బిగించి నెమ్మదిగా రెండుసార్లు గుండెకు తాకించింది. పిల్ల అది చూసి, ఇంకా ఏదో వస్తుందని ఆ చేతుల వంకే చూస్తూ నిలబడింది. చేతులు ఒళ్లోకి దిగిపోయాయి.

"ఏమని అడిగింది?" అంది హైమవతి.

"మా అమ్మ చేతులు తీసుకెళ్లింది ఈమేనా అని."

"నువ్వేం చెప్పావు?"

"అవునన్నానమ్మగారూ. అవును అనటం వచ్చింది." నాంచారమ్మ పిల్ల తల నిమిరింది. "ఎందుకు తీసుకెళ్లారో, మీ మనసులో ఏవుందో కూడా చెబుదామనుకున్నా. దానికి చానా మాటలు కావాలి. అయ్యింకా రాలా."

పిల్ల ఇంకా తల్లి చేతుల వంకే చూస్తోంది.